ఓస్లో దారి, బోస్టన్ దారి: చెదిరిన బంకమట్టికి రెండు జవాబులు

నేల బలం ఎంతో తెలుసుకోవాలంటే ముందు ఆ నేలలో కొంత పైకి తియ్యాలి. తియ్యడంలోనే అది మారిపోతుంది. పది మీటర్ల లోతున వేల ఏళ్లుగా పైబరువు మోస్తూ కుదురుకున్న మెత్తని బంకమట్టిలోకి ఉక్కు గొట్టం దింపుతాం. మెలితిప్పి పైకి లాగుతాం. మైనంతో మూతి మూసి లారీ ఎక్కిస్తాం. ప్రయోగశాలలో గొట్టంలోంచి బయటికి నెట్టి, సన్నని తీగతో చెక్కి, యంత్రంలో నిలబెడతాం. అప్పటికి రేణువులు అవే, నీరు దాదాపు అంతే. బలం మాత్రం వేరు, కుంగే తీరు వేరు, బిగువు వేరు. రిపోర్టులో 'అన్‌డిస్టర్బ్‌డ్ శాంపిల్' అని రాసి ఉన్నా, అసలు చెదరని నమూనా అంటూ ఏదీ పైకి రాదు. తక్కువ చెదిరిందా, ఎక్కువ చెదిరిందా అన్నదే తేడా.

మరి చెదిరిన మట్టి చెప్పే అంకెను ఎంతవరకు నమ్మాలి? ఈ ప్రశ్నకు ఏడాది తేడాలో రెండు జవాబులు వచ్చాయి. ఒకటి ఓస్లోలోని నార్వేజియన్ జియోటెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ నుంచి వచ్చింది. 1973 మాస్కో అంతర్జాతీయ సమావేశానికి లారిట్స్ బ్యెరుమ్ రాసిన నివేదికలో అది ఉంది. రెండోది బోస్టన్ పక్కనున్న ఎంఐటీ నుంచి వచ్చింది. 1974లో చార్లెస్ లాడ్, రోజర్ ఫుట్ అమెరికన్ సివిల్ ఇంజనీర్ల సంఘం పత్రికలో ప్రచురించిన వ్యాసం అది. మొదటిదానికి రీకంప్రెషన్ అని, రెండోదానికి షాన్‌సెప్ అని పేర్లు స్థిరపడ్డాయి. పాఠ్యపుస్తకాలు రెండింటినీ ఒకే పేరాలో పెట్టి, ఇదైనా వాడవచ్చు, అదైనా వాడవచ్చు అన్నట్టు దాటేస్తాయి. నేను దీనికి ఒప్పుకోను. ఇవి ఒకే పనికి రెండు పనిముట్లు కావు. నమూనా చెదిరినప్పుడు మట్టి పోగొట్టుకునేది ఏమిటి అన్న దగ్గరే వీటికి పడదు. ఆ తగువు తెలియకుండా ఏ పద్ధతి వాడినా చేతికొచ్చే అంకెకు ఆధారం ఉండదు.

తగువు మొదలైన చోటు ఇంకాస్త వెనక ఉంది. డేనిష్ ఇంజనీరు, టెర్జాగి శిష్యుడు మికేల్ యూల్ వోర్స్లెవ్ 1949లో అమెరికా సైన్యపు వాటర్‌వేస్ ఎక్స్‌పెరిమెంట్ స్టేషన్ నుంచి నమూనాల సేకరణ మీద ఐదువందల పేజీలు దాటిన గ్రంథం వెలువరించారు. ఆయన దృష్టి ఎక్కువగా గొట్టం మీద ఉంది. గొట్టం గోడ ఆక్రమించే వైశాల్యాన్ని లోపల చిక్కే మట్టి వైశాల్యంతో భాగిస్తే ఏరియా రేషియో వస్తుంది. అది ఎంత చిన్నదైతే మట్టి అంత తక్కువ నలుగుతుంది. మూడంగుళాల పలుచని షెల్బీ గొట్టానికి ఇది సుమారు 9 శాతం. బ్రిటన్‌లో దశాబ్దాల పాటు వాడిన మందపాటి యు100 గొట్టానికి పాతిక శాతం దాటుతుంది. మెత్తని మట్టిలోకి మందపాటి గోడ దిగితే, అది తోసేసిన మట్టి ఎటో ఒకటు పోవాలి కదా. కొంత పక్కకు జరుగుతుంది, కొంత గొట్టంలోకే ఎగదన్నుతుంది.

1963లో ఒకే ప్రశ్న మీద అట్లాంటిక్‌కు అటూ ఇటూ రెండు పరిశోధనలు వచ్చాయి. లండన్‌లో స్కెంప్టన్, సోవా ప్రయోగశాలలోనే తయారుచేసిన బంకమట్టి మీద ఉన్న ఒత్తిడిని చెయ్యి తగలకుండా తీసేసి చూశారు. పైబరువు పోవడం వల్ల మాత్రమే బలంలో వచ్చే మార్పు అతి స్వల్పమని తేలింది. అమెరికాలో లాడ్, లాంబ్ నిజంగా బోర్‌హోళ్ల నుంచి తీసిన నమూనాలను పరీక్షించారు. మట్టిలో మిగలవలసిన ప్రభావక ప్రతిబలంలో చాలా భాగం కనిపించకుండా పోయిందని కనుగొన్నారు. పైపైన చూస్తే ఒకరినొకరు కాదన్నట్టుంది. పక్కపక్కన పెట్టి చదివితే రెండూ కలిసి ఒక విషయం తేల్చాయి. తప్పు బరువు తియ్యడంలో లేదు, తీసే పద్ధతిలో ఉంది. తవ్వకం, నెట్టడం, లాగడం, గొట్టంలోంచి తొయ్యడం, చెక్కడం అన్నిటిదీ తలా కొంత. ఇరవై ఏళ్ల తర్వాత ఎంఐటీలోనే మొహ్‌సెన్ బాలిగ్ లెక్క కట్టి చూపారు. పలుచని గొట్టం ఎంత జాగ్రత్తగా దిగినా, దాని నడిమధ్యన ఉన్న మట్టి కూడా ముందు నొక్కుకుని తర్వాత సాగుతుంది, ఆ వికృతి దాదాపు ఒక శాతం దాకా వెళ్తుంది. సున్నితమైన బంకమట్టి అంతకంటే తక్కువ వికృతికే లొంగిపోతుంది. అంటే కొన్ని నేలల్లో నమూనా తియ్యడమే ఒక పరీక్ష, అదీ మట్టి ఓడిపోయిన పరీక్ష.

ఓడిన మట్టి లక్షణాలు ఎలా మారతాయో ముందు చెప్పాలి, రెండు పద్ధతులూ పోట్లాడేది వాటి మీదే కాబట్టి. కన్సాలిడేషన్ పరీక్షలో మంచి నమూనా గీత మొదట దాదాపు అడ్డంగా నడుస్తుంది. ఒక చోట చటుక్కున విరిగి కిందికి దిగుతుంది. ఆ విరుపు దగ్గరి ఒత్తిడే ప్రీకన్సాలిడేషన్ ప్రెషర్. మట్టి ఇదివరకు మోసిన అతి పెద్ద బరువు, లేదా కాలం దానికి ఇచ్చిన అదనపు ఓర్పు అక్కడ తెలుస్తుంది. చెదిరిన నమూనాలో ఆ విరుపు మాసిపోతుంది. గీత మొదటి నుంచే వాలుతుంది, ఒంపు మెల్లగా తిరుగుతుంది. ప్రీకన్సాలిడేషన్ ప్రెషర్ ఉన్నదానికంటే తక్కువగా తేలుతుంది. విరుపు తర్వాతి వాలు కూడా చదునుబడుతుంది. దాంతో చిన్న బరువులకు కుంగుడు ఎక్కువని, విరుపు దాటిన బరువులకు తక్కువని లెక్క వస్తుంది. రెండూ తప్పే, రెండూ వేర్వేరు దిక్కుల్లో తప్పు. 1955లో జాన్ ష్మర్ట్‌మన్ చెదిరిన గీత నుంచి అసలు గీతను తిరిగి గీసే ఉపాయం ఇచ్చారు. ఖాళీల నిష్పత్తి మొదటిదానిలో 0.42 వంతుకు చేరే చోట అన్ని గీతలూ ఒకటవుతాయన్నది ఆయన గమనిక. గీత చివర కలుస్తుందంటే తగినంత నొక్కితే మట్టి తను చెదిరిన సంగతి మరిచిపోతుందన్నమాట. ఈ ఆలోచన గుర్తుంచుకోవాలి, బోస్టన్ దారికి మూలం ఇదే.

కోత బలం సంగతి ఇంకొంచెం మెలికగా ఉంటుంది. మంచి నమూనా చాలా కొద్ది వికృతి దగ్గరే శిఖరానికి చేరి, తర్వాత నీరసపడుతుంది. చెదిరిన నమూనాకు శిఖరం తగ్గుతుంది, ఆలస్యంగా వస్తుంది, తర్వాత పడిపోవడమే కనిపించదు. అంటే చెదరడం వల్ల బలం తగ్గడమే కాదు, మట్టి పెళుసుదనం కూడా దాక్కుంటుంది. పెళుసు మట్టి మీద గట్టు వేసే ఇంజనీరుకు రెండోదే పెద్ద ప్రమాదం. చిన్న వికృతుల దగ్గరి బిగువు అన్నిటికంటే ఎక్కువ నష్టపోతుంది. గనుక తవ్వకం పక్కన భవనం ఎంత కదులుతుందో చెప్పే లెక్కలకు ప్రయోగశాల అంకె బొత్తిగా చాలదు.

ఇక ఓస్లో దారి. వోర్స్లెవ్ లాగే బ్యెరుమ్ కూడా డెన్మార్క్‌లో పుట్టినవారే. 1951 నుంచి నార్వే సంస్థకు తొలి డైరెక్టరుగా ఉండి, 1973లో మరణించేవరకు అక్కడే పనిచేశారు. ఆయన చేతిలో ఉన్న మట్టి ఎలాంటిదో తెలియకుండా ఆయన పద్ధతి అర్థం కాదు. హిమయుగం చివర సముద్రం అడుగున పేరుకున్న బంకమట్టి, మంచు బరువు కరిగిపోయాక నేల పైకి లేవడంతో గట్టు మీదికి వచ్చింది. వేల ఏళ్లలో వాన నీరు, భూగర్భ జలం దానిలోని ఉప్పును కడిగేశాయి. రేణువులు పేకమేడలా నిలబడిన నిర్మాణం మాత్రం మిగిలింది. తోడుకున్న పెరుగును గరిటెతో కలిపితే పాలూ పోవు, నీళ్లూ పోవు, పోయేది గడ్డ ఒక్కటే. నార్వే మట్టి అచ్చం అంతే. 1967 ర్యాంకిన్ ఉపన్యాసంలో బ్యెరుమ్ వాదించిందీ ఇదే. పైబరువు ఏమాత్రం పెరగకపోయినా, ఒకే బరువు కింద వేల ఏళ్లు నిదానంగా కుంగిన మట్టి అదనపు ఓర్పు సంపాదిస్తుంది. ఆ ఓర్పు కాలం ఇచ్చినది, రెండు రోజుల ప్రయోగంలో దాన్ని మళ్లీ తయారుచెయ్యలేం.

అందుకే ఆయన పద్ధతి పొదుపుగా ఉంటుంది. నమూనాను ట్రయాక్సియల్ యంత్రంలో పెట్టి, నేలలో ఉన్నప్పుడు నిలువుగా ఎంత, అడ్డంగా ఎంత ఒత్తిడి ఉందో సరిగ్గా అంతే తిరిగి ఇవ్వాలి. ఒక్క కిలోపాస్కల్ కూడా మించకూడదు. తర్వాత కోత పెట్టాలి. చెదరడం వల్ల కొంత బలం పోతుంది, నిజమే. కానీ తిరిగి నొక్కినప్పుడు మట్టి కొంత నీరు వదిలి దగ్గరపడుతుంది, ఆ దగ్గరపడటం పోయిన బలాన్ని కొంతమేర పూడుస్తుంది. ఇదీ వాదన. మిగిలిన నిర్మాణం ఎంతైనా సరే దాన్ని కాపాడుకోవాలి, అది మళ్లీ దొరకదు అన్న ఆరాటం దీని వెనక ఉంది. ఆ ఆరాటం నాకు చాలా గౌరవనీయంగా కనిపిస్తుంది.

లాడ్‌కు ఆ 'కొంతమేర' మీదే అభ్యంతరం. పోయిన బలం ఒక కారణంతో పోయింది, వచ్చిన బలం ఇంకో కారణంతో వచ్చింది. రెండూ సమానంగా కొట్టుకుపోతాయని ఎవరు హామీ ఇస్తారు? ఇదివరకు ఎక్కువ బరువు మొయ్యని మెత్తని మట్టి బాగా చెదిరితే, తిరిగి నొక్కినప్పుడు చాలా నీరు వదులుతుంది. నేలలో ఉన్నదానికంటే దట్టమవుతుంది. అప్పుడు ప్రయోగశాల చెప్పే బలం అసలు బలాన్ని మించిపోవచ్చు. ఆ అంకె నమ్మి గట్టు కడితే కూలేది గట్టు. లాడ్ దశాబ్దం ముందే లాంబ్‌తో కలిసి అసలు నమూనాలు ఎంతగా చెదురుతాయో కళ్లారా చూసినవాడు. గొట్టం నమూనాలో మిగిలిన నిర్మాణాన్ని నమ్ముకోవడం ఆయనకు సాధ్యం కాలేదు.

ఆయన ఎంచుకున్నది పూర్తిగా ఎదురు దారి. నమూనాలో మిగిలినదాన్ని కాపాడే బదులు పూర్తిగా చెరిపేద్దాం. ప్రీకన్సాలిడేషన్ ప్రెషర్‌కు ఒకటిన్నర రెట్లు, రెండు రెట్లు, అవసరమైతే ఇంకా ఎక్కువ నొక్కితే చెదిరిన గీతా, చెదరని గీతా ఒకే గీతలో కలిసిపోతాయి. అక్కడి నుంచి మనకు కావలసిన మేరకు బరువు దించి కోత పెడదాం. వచ్చిన బలాన్ని కన్సాలిడేషన్ ప్రతిబలంతో భాగిద్దాం. అలా భాగించిన నిష్పత్తి మట్టి గత ఒత్తిళ్ల చరిత్ర మీద మాత్రమే ఆధారపడుతుందని తేలితే, అది ఆ మట్టికి ఒక నియమం. ఆ నియమం చిన్న సూత్రంలో ఇముడుతుంది. బలాన్ని ఇప్పటి పైబరువుతో భాగిస్తే, ఎస్ అనే స్థిరాంకాన్ని ఓసీఆర్ నిష్పత్తి ఎం ఘాతంతో గుణించిన విలువ వస్తుంది. ఓసీఆర్ అంటే ప్రీకన్సాలిడేషన్ ప్రెషర్‌ను ఇప్పటి పైబరువుతో భాగించగా వచ్చేది. మామూలు బంకమట్టికి ఎస్ సుమారు 0.22, ఎం సుమారు 0.8. నేలలో ఏ లోతున ఎంత పైబరువు ఉందో, ఎంత ప్రీకన్సాలిడేషన్ ప్రెషర్ ఉందో గీసుకుంటే చాలు, బలం గీత దానంతట అదే వస్తుంది.

రెండూ ఇప్పుడు పక్కపక్కన ఉన్నాయి. ఓస్లో నమ్మేది నమూనాను, బోస్టన్ నమ్మేది నియమాన్ని. ఓస్లోకు మట్టి ముక్క సాక్షి, దాని మాట వినాలి. బోస్టన్‌కు అదే ముక్క గాయపడ్డ సాక్షి, దాని మాట పక్కనపెట్టి ఆ జాతి మట్టి అంతా ఎలా నడుచుకుంటుందో చూడాలి. నా మటుకు అసలు తేడా ఇదే, లెక్కల తేడా తర్వాతిది.

తప్పు జరిగితే ఎటు జరుగుతుందో పోల్చి చూద్దాం. మెత్తని, పెద్దగా సున్నితం కాని మట్టిలో, చెడ్డ గొట్టం నమూనాతో రీకంప్రెషన్ చేస్తే బలం ఎక్కువగా తేలే ప్రమాదం ఉంది. అది ప్రాణాల మీదికి వచ్చే తప్పు. నిర్మాణం గట్టిగా ఉన్న సున్నిత మట్టిలో షాన్‌సెప్ చేస్తే శిఖర బలం తక్కువగా తేలుతుంది, పెళుసుదనం అసలు కనబడదు. మొదటి సగం డబ్బు తగలేసే తప్పు. రెండో సగం మళ్లీ ప్రాణాల మీదికే వస్తుంది, ఎందుకంటే పెళుసు మట్టి ఒక చోట విరిగితే ఆ విరగడం పక్కలకు పాకుతుంది. 1978లో నార్వేలో రిస్సా దగ్గర ఒక రైతు పొలం పక్కన మొదలైన జారుడు ఎంత భూమిని నీటిపాలు చేసిందో చూసినవాళ్లెవరూ పెళుసుదనాన్ని చెరిపేసే పరీక్షతో సరిపెట్టుకోరు. ఇక్కడ లాడ్, ఫుట్‌ల నిజాయితీని మెచ్చుకోవాలి. అతి సున్నితమైన మట్టికి, సహజంగా సిమెంటు పట్టినట్టు గట్టిపడ్డ మట్టికి తమ పద్ధతి పనికిరాదని 1974 వ్యాసంలోనే చెప్పారు. తర్వాత వాడినవాళ్లలో చాలామంది సూత్రాన్ని తీసుకుని ఆ హెచ్చరికను వదిలేశారు.

షాన్‌సెప్‌లో నాకు కనిపించే అసలు బలహీనత ఇంకొకటి. నమూనా గాయాన్ని చెరిపేశామని అది చెప్పుకుంటుంది. కానీ సూత్రంలో ఓసీఆర్ ఉంది. ఓసీఆర్ రావాలంటే ప్రీకన్సాలిడేషన్ ప్రెషర్ కావాలి. అది వచ్చేది మళ్లీ గొట్టం నమూనా మీద చేసిన కన్సాలిడేషన్ పరీక్ష నుంచే. ముందు గుమ్మం నుంచి పంపేసిన చెదరడం దొడ్డిదారిన లోపలికి వచ్చేసింది. ఒక లెక్క చూద్దాం. పైబరువు 100 కిలోపాస్కళ్లు, అసలు ప్రీకన్సాలిడేషన్ ప్రెషర్ 150 అనుకుంటే, ఎస్ 0.22, ఎం 0.8తో బలం 30 కిలోపాస్కళ్ల పైచిలుకు వస్తుంది. నమూనా చెదిరి 150కి బదులు 120 చూపిస్తే, అదే సూత్రం 25.5 చెబుతుంది. చరిత్రలో ఐదో వంతు తప్పు బలంలో దాదాపు ఆరో వంతు తప్పయింది. ఇది తక్కువవైపు తప్పు కాబట్టి గట్టు కూలదు. అయినా దీన్ని 'చెదరడం ప్రభావం లేని పద్ధతి' అనడం సరికాదు. లాడ్‌కు ఇది తెలుసు. అందుకే ఆయన జీవితమంతా ప్రీకన్సాలిడేషన్ ప్రెషర్ గీతను మెరుగ్గా రాబట్టడం మీదే పట్టుబట్టారు.

రీకంప్రెషన్‌కు ఉన్న లోపమే దానికి ఒక వరం కూడా ఇచ్చింది. తిరిగి నొక్కినప్పుడు నీరు బయటికి పోతుందన్నదే కదా లాడ్ అభ్యంతరం. ఆ నీటిని కొలిస్తే? ఎంత చెదిరిందో అదే చెబుతుంది కదా. 1997లో టామ్ లున్నె, టోరాల్వ్ బెర్రె, స్టెయిన్ స్ట్రాండ్‌విక్ సరిగ్గా ఇదే చేశారు. నార్వే తక్కువ ప్లాస్టిక్ బంకమట్టి మీద మామూలు గొట్టం నమూనాలనూ, షెర్‌బ్రూక్ దిమ్మ నమూనాలనూ పక్కపక్కన పరీక్షించారు. షెర్‌బ్రూక్ పరికరాన్ని 1979లో క్యూబెక్‌లో లఫెవ్ర్, పూలెన్ తయారుచేశారు. అది గొట్టం దించదు. తవ్విన గుంతలో చుట్టూ సన్నగా చెక్కుతూ 250 మిల్లీమీటర్ల వ్యాసం, 350 మిల్లీమీటర్ల ఎత్తు గల దిమ్మను విడదీసి పైకి తెస్తుంది. ఆ దిమ్మలతో పోలిస్తే గొట్టం నమూనాల శిఖర బలం తగ్గింది. శిఖరం దాటాక, పెద్ద వికృతుల దగ్గర మాత్రం గొట్టం నమూనాలే బలంగా కనబడ్డాయి, అవి నీరు కోల్పోయి దట్టమయ్యాయి కాబట్టి. బ్యెరుమ్ నమ్మకానికీ, లాడ్ అనుమానానికీ ఒకే పటంలో రుజువు దొరికింది. నిర్మాణం పోవడం వల్ల నష్టం శిఖరం దగ్గర, దగ్గరపడటం వల్ల లాభం ఆ తర్వాత.

ఈ పరిశోధన నుంచి వచ్చిన కొలబద్ద, నేల ఒత్తిడికి తిరిగి చేరేసరికి ఖాళీల నిష్పత్తిలో వచ్చిన మార్పును మొదటి ఖాళీల నిష్పత్తితో భాగించేది. ఓసీఆర్ ఒకటి నుంచి రెండు మధ్య ఉన్న మట్టికి ఇది 0.04 లోపు ఉంటే నమూనా చాలా బాగుంది, 0.07 దాకా పరవాలేదు, 0.14 దాకా బాగాలేదు, ఆపైన పనికిరాదు. ఓసీఆర్ రెండు దాటితే హద్దులు ఇంకా బిగుస్తాయి. దీనికి పోటీగా టెర్జాగి, పెక్, మెస్రీ పుస్తకం 1996 ముద్రణలో ఇంకో కొలబద్ద ఉంది. అక్కడ ఘనపరిమాణ వికృతి చూస్తారు, ఒక శాతం లోపు ఏ, రెండు లోపు బీ, నాలుగు లోపు సీ, ఎనిమిది లోపు డీ, ఆపైన ఈ. ఈ రెండు కొలబద్దలూ ఒకటేనని చాలామంది అనుకుంటారు. కావు. ఖాళీల నిష్పత్తి 1 ఉన్న మట్టిలో నార్వే కొలబద్ద 0.07 అంటే మూడున్నర శాతం వికృతి, అంటే సీ. అదే నిష్పత్తి 2 ఉన్న మెత్తని మట్టిలో 0.07 అంటే నాలుగున్నర శాతం పైన, అంటే డీ. నార్వే ప్రకారం రెండూ 'పరవాలేదు' అంచున ఉన్న నమూనాలే, అమెరికా పుస్తకం వాటిలో ఒకదాన్ని ఇంకో మెట్టు కిందికి దించుతుంది. నా మొగ్గు నార్వే కొలబద్ద వైపే. పాడయ్యేది ఖాళీల నిర్మాణం కాబట్టి, పోయినదాన్ని ఖాళీలతోనే పోల్చడం న్యాయం. నీళ్లు ఎక్కువున్న మట్టి ఎక్కువ నీళ్లు వదిలితే అది సహజం, దాన్ని తప్పుగా లెక్కగట్టకూడదు.

షాన్‌సెప్ ఇలాంటి కొలబద్దను సొంతంగా ఇవ్వలేకపోయింది, సాక్ష్యాన్ని చెరిపెయ్యడమే దాని పని కాబట్టి. అయితే దాన్ని సరిగ్గా చేసేవాళ్లకు ఒక అవకాశం ఉంది. నమూనా రెండు రెట్ల ఒత్తిడికి వెళ్లేదారిలో నేల ఒత్తిడిని దాటే వెళ్తుంది. ఆ క్షణంలో ఎంత నీరు పోయిందో రాసుకుంటే, నార్వే కొలబద్ద బోస్టన్ పరీక్షలోనూ దొరుకుతుంది. అది రాయని రిపోర్టులు వస్తూనే ఉండటం బాధాకరం, ఎందుకంటే దానికి అదనంగా పైసా ఖర్చు లేదు.

మరి ఎక్కడ ఏది? 2003లో ఎంఐటీలో జరిగిన పాన్-అమెరికన్ సమావేశంలో లాడ్, డాన్ డిగ్రూట్‌తో కలిసి కాసాగ్రాండే ఉపన్యాసం ఇచ్చారు. ముప్ఫై ఏళ్ల తర్వాత ఆయన రెండు దారులనూ తనే పక్కపక్కన పెట్టారు. తూర్పు కెనడా వంటి సున్నిత మట్టికి, దిమ్మ నమూనా దొరికితే, రీకంప్రెషనే మేలన్నారు. సున్నితం కాని మెత్తని మట్టిలో మామూలు గొట్టం నమూనాలే ఉంటే షాన్‌సెప్ అన్నారు. ఇదివరకు ఎక్కువ బరువు మొయ్యని మట్టిలో చెదిరిన నమూనాతో రీకంప్రెషన్ ప్రమాదకరమని గట్టిగా చెప్పారు. తన పద్ధతి హద్దులను తనే గీసుకున్న పెద్దరికం అది.

ఆ తీర్పుకు నేను ఒక మాట చేర్చాలనుకుంటాను. మట్టి రకంతో పాటు కట్టడం రకం కూడా చూడాలి. గట్టును విడతలు విడతలుగా పోస్తూ, కింది బంకమట్టి కుంగి బలపడే వ్యవధి ఇస్తూ కట్టే పనిలో, గట్టు బరువు తానే మట్టిని ప్రీకన్సాలిడేషన్ ప్రెషర్ దాటిస్తుంది. నేలలోని నిర్మాణం అక్కడే, ఆ గట్టు కిందే చెరిగిపోతుంది. షాన్‌సెప్ ప్రయోగశాలలో చేసేదీ సరిగ్గా అదే. కాబట్టి ఆ పనికి అది కేవలం సర్దుబాటు కాదు, జరగబోయేదాని నకలు. లాడ్ 1986లో ఇచ్చిన, 1991లో అచ్చయిన టెర్జాగి ఉపన్యాసం విడతల నిర్మాణం గురించే కావడం యాదృచ్ఛికం కాదు. అదే ఒక సహజ వాలు పక్కన తవ్వకమైతే, కొత్త బరువు ఏదీ రాదు, పాత నిర్మాణం మీదే భారం పడుతుంది, అది విరిగితే ఒక్కసారిగా విరుగుతుంది. అక్కడ బ్యెరుమ్ దారి వదిలితే దారే లేదు. నార్వేవాళ్లకు ఎప్పుడూ వాలు భయం, బోస్టన్‌వాళ్లకు మెత్తని నేల మీద కట్టల భయం. ఎవరి భయానికి తగ్గ పద్ధతిని వాళ్లు కనిపెట్టారు.

ఈ ఇద్దరి పోటీలో పేరు వినిపించని మూడో పద్ధతి ఒకటుంది, ప్రపంచంలో ఎక్కువ రిపోర్టులు దాని మీదే నడుస్తాయి. నమూనాను తిరిగి నొక్కకుండానే, నీరు పోనివ్వకుండా, నిమిషాల్లో విరగ్గొట్టే యూయూ పరీక్ష. చెదరడం వల్ల బలం తగ్గుతుంది. వేగంగా విరగ్గొట్టడం వల్ల పెరుగుతుంది. నిలువు నొక్కుడు మాత్రమే చూడటం వల్ల, గట్టు కింద పలు దిక్కుల్లో పనిచేసే సగటు బలం కంటే ఇంకా పెరుగుతుంది. ఈ తగ్గుళ్లూ పెరుగుళ్లూ కొన్నిసార్లు కొట్టుకుపోయి అంకె సరిపోయినట్టు కనిపిస్తుంది. 'కొంతమేర' అన్న బ్యెరుమ్‌ను లాడ్ నిలదీశారు కదా, ఇక్కడ ఆ మాత్రం వాదన కూడా లేదు. మూడు తప్పులు ఒకదాన్నొకటి రద్దు చేసుకోవాలన్న ఆశ మాత్రమే ఉంది.

ఆంధ్ర తీరంలో విశాఖ, కాకినాడ పరిసరాల మెత్తని సముద్రపు బంకమట్టి ప్లాస్టిసిటీ ఎక్కువున్న మట్టి. అలాంటి నేల మీద యార్డులకూ, రోడ్డు గట్లకూ నిలువు డ్రెయిన్లు దింపి, విడతలుగా మట్టి పోసి, నేలను గట్టిపరచి కడతారు. కట్టడం రకాన్ని చూడాలన్న పై మాట ప్రకారం అది బోస్టన్ దారికి తగిన పని. అయితే షాన్‌సెప్ సూత్రాన్ని 0.22, 0.8లతో నేరుగా అద్దెకు తెచ్చుకోవడం దాన్ని వాడటం కాదు. ఆ స్థిరాంకాలు ఆ నేల మీదే తేలాలి. ఐఎస్ 2132 చెప్పిన పలుచని గొట్టం కావాలి, వీలైతే పిస్టన్ ఉన్నది. బోర్‌హోల్ అడుగు ఉబ్బిపోకుండా బరువైన డ్రిల్లింగ్ మడ్ నిండుగా ఉంచాలి. గొట్టంలోంచి మట్టిని పొడవునా నెట్టే బదులు, కావలసిన ముక్క మేరకు గొట్టాన్నే కోసి, లోపలి అంచు చుట్టూ తీగతో విడదీసి తియ్యాలి. ప్రీకన్సాలిడేషన్ ప్రెషర్ కోసం ఒక్కో లోతున ఒక్క పరీక్షతో సరిపెట్టుకోకూడదు. ప్రతి నమూనా పక్కనా, నేల ఒత్తిడి దగ్గర అది వదిలిన నీటి లెక్క ఉండాలి. బలం గీత గీసే ముందు ఆ గడి నిండి ఉందో లేదో చూడాలి. నార్వే కొలబద్దలో 0.14 దాటిన నమూనాలను గీతలో కలపకుండా పట్టికలో విడిగా చూపాలి, ఏ లోతున ఎందుకు పోయాయో పక్కనే రాయాలి.